ఇంటింటి విజ్ఞానం: పచ్చదీపం చెప్పని సంగతి

పోయిన సంచికలో ప్రెషర్ కుక్కర్ వాల్వుల గురించి రాస్తూ, ఈసారి మైక్రోవేవ్ పొయ్యి సంగతి చెబుతానని మాటిచ్చాను. ఆ మాట తప్పుతున్నందుకు మన్నించాలి. ఈ మధ్య మా మేనమామ ఇంట్లో ఒక రాత్రి జరిగింది విన్నాక, ఇంకో విషయం రాయడానికి మనసు ఒప్పుకోలేదు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఇన్వర్టరు, బ్యాటరీలు కొనిపెట్టి, "హమ్మయ్య, ఇక బెంగ లేదు" అనుకున్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఆ మాట అనుకోవడానికి ముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. అవే ఈసారి సంగతులు.

మా అమ్మ పుట్టినిల్లు కర్ణాటకలోని తుమకూరు జిల్లా, పావగడ తాలూకా, వెంకటమ్మనహళ్లి. పటం తీసి చూడండి, పావగడ తాలూకా ఆంధ్రప్రదేశ్‌లోకి చొచ్చుకుపోయినట్టు ఉంటుంది. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ. వేరుశనక్కాయ పంట, రాళ్ల గుట్టలు, ఎండిన చెరువులు. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ మాకు అక్కడే గడిచేవి.

మా మామ అప్పట్లో ట్రాక్టరు ఉన్న ఆసామి. 1987లో దూరదర్శన్‌లో ఆదివారం ఉదయం రామాయణం మొదలైనప్పుడు సరిగ్గా ఆ వేళకే కరెంటు పోయేది. మామ ట్రాక్టరు బ్యాటరీ విప్పి భుజం మీద పెట్టుకుని తెచ్చి, పన్నెండు వోల్టుల చిన్న నలుపు తెలుపు టీవీకి తగిలించేవాడు. అరుగు నిండా జనం. అయితే, విప్పే ముందు ఆయన ఒక పని చేసేవాడు. ట్రాక్టరెక్కి హారను గట్టిగా నొక్కి, చెవి ఒగ్గి వినేవాడు. మోత నిండుగా ఉంటే, "పట్టాభిషేకం దాకా వస్తాది" అనేవాడు. గొంతు కీచుగా సన్నబడితే, "ఇది లంక కూడా దాటదప్పా" అని పక్కింటి బ్యాటరీ కోసం మనిషిని పంపేవాడు. మేం నవ్వేవాళ్లం. బ్యాటరీ శాస్త్రంలో సగం ఆ హారను మోతలోనే ఉందని తెలియడానికి నాకు ముప్పై ఏళ్లు పైనే పట్టింది.

ఆ రాత్రి

ఇప్పుడు మామకు డెబ్బై దాటాయి. అత్తకు ఊపిరితిత్తుల జబ్బు. రాత్రిళ్లు గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే యంత్రం పెట్టుకుని పడుకోవాలని డాక్టరు చెప్పారు. వాళ్లబ్బాయి అమెరికాలో ఉంటాడు. నాకు బామ్మర్ది. నాలుగేళ్ల కిందట వచ్చినప్పుడు మంచి ఇన్వర్టరు, 150 ఆంపియర్-అవర్ల ట్యూబ్యులర్ బ్యాటరీలు రెండు కొని బిగించిపోయాడు. పచ్చదీపం వెలుగుతూ ఉంటే అంతా బాగున్నట్టు అని తండ్రికి చెప్పి వెళ్లాడు.

మొన్న వేసవిలో ఒక రాత్రి గాలివాన వచ్చి రెండింటికి కరెంటు పోయింది. ఇన్వర్టరు అందుకుంది. యంత్రం ఆగలేదు, అత్త నిద్రలేవలేదు. నలభై నిమిషాలు తిరిగేసరికి ఇన్వర్టరు కుయ్యిమని అరిచి చచ్చిపోయింది. అత్త ఎగశ్వాసతో లేచి కూర్చుంది. ఇంట్లో ఆక్సిజన్ సిలిండరు ఒకటి అక్కరకు పెట్టి ఉంది కానీ, చీకట్లో దాని మీట తిప్పడం మామ చేతకాలేదు. గోడ దూకి వచ్చిన పక్కింటి కుర్రాడు సెల్‌ఫోను వెలుగులో తిప్పాడు. ఆ మధ్యలో గడిచింది నాలుగు నిమిషాలేనట. మామ మాత్రం, "నాలుగు నిమిషాలు గాదు అల్లుడా, నా వయసంతా గడిచినట్లు అయింది" అన్నాడు.

మర్నాడు బామ్మర్ది అమెరికా నుంచి ఫోను చేసి, "బావా, నాలుగేళ్లకే ఇట్లా చచ్చిపోతాయా బ్యాటరీలు? మోసపోయానా?" అన్నాడు. నేను వెళ్లి చూస్తానన్నాను. హైడ్రోమీటరు, మల్టీమీటరు సంచిలో వేసుకుని బస్సెక్కాను.

"ఏం అల్లుడా, కాళ్లు కడుక్కోకుండానే బ్యాటరీ కాడికి పోతివే?" అన్నాడు మామ. అప్పటికి కరెంటు వచ్చి రెండు రోజులైంది. పచ్చదీపం నిశ్చింతగా వెలుగుతోంది. ఇన్వర్టరు మీద "నూరు శాతం" అని అంకెలు. "చూడు, నిండుగా ఉండాది. మొన్న మట్టుకు ఎందుకు ఆగిపోయెనో!" అన్నాడు మామ. మళ్లీ ఆయనే గర్వంగా, "కొత్తలో నిండేదానికి రాత్రంతా పడుతుండె. ఇప్పుడు రెండు గంటల్లో నిండిపోతాది. వాడికం మీద బ్యాటరీ పదునెక్కింది" అన్నాడు.

జబ్బు ఏమిటో ఆ మాటతోనే నాకు తెలిసిపోయింది.

నిండిన చెరువు, పూడిన చెరువు

బ్యాటరీ విషయంలో మనం అడగవలసిన ప్రశ్నలు రెండు. ఇప్పుడు ఎంత నిండి ఉంది? అసలు ఎంత పడుతుంది? మొదటిది ఛార్జి, రెండోది ఆరోగ్యం. మనం మొదటిదే అడిగి రెండోది మర్చిపోతాం.

మామకు చెరువు పోలికతో చెప్పాను. కొత్తగా తవ్విన చెరువుంది. కట్ట దాకా నిండితే ఏడాదికి సాగు. ఇరవై ఏళ్లు పూడిక తియ్యలేదనుకోండి. ఒక్క వానకే కట్ట అంచు తాకుతుంది. కట్ట మీద నిలబడి చూసేవాడికి రెండూ ఒకేలా నిండుగా కనిపిస్తాయి. తూము తీశాక గానీ తేడా తెలియదు. ఇన్వర్టరు మీది పచ్చదీపం కట్ట మీద నిలబడి చూసే మనిషి. నీళ్లు అంచు తాకాయా లేదా అన్నది చెబుతుంది, అడుగున పూడిక ఎంతో చెప్పదు. పూడిన చెరువు తొందరగా నిండుతుంది. అందుకే ఎనిమిది, పది గంటలు పట్టే ఛార్జి రెండు గంటల్లో అయిపోతోందంటే సంతోషించకండి. అది బ్యాటరీ పదును కాదు, పూడిక.

ఈ పూడిక ఏమిటి? సీసం, ఆమ్లంతో పనిచేసే బ్యాటరీని 1859లో ఫ్రాన్స్ దేశపు గాస్టన్ ప్లాంటే కనిపెట్టాడు. మూల సూత్రం నేటికీ అదే. సీసపు పలకలు, మధ్యన నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం. బ్యాటరీ వాడుతున్నకొద్దీ ఆమ్లంలోని సల్ఫేటు పలకల మీదికి చేరుతుంది, ఆమ్లం పలచబడుతుంది. ఛార్జి చేస్తే తిరిగి ఆమ్లంలోకి వస్తుంది. కానీ సగం ఛార్జిలోనే రోజుల తరబడి వదిలేస్తే ఆ సల్ఫేటు గట్టి పలుకులుగా పేరుకుని మళ్లీ కరగదు. పేరుకున్న మేరకు పలక పనికిరాకుండా పోతుంది. వేడి, నీళ్లు తగ్గిపోవడం, మురికి నీళ్లు పొయ్యడం కూడా పలకలను తినేస్తాయి.

వోల్టు మీటరు ఎప్పుడు నిజం చెబుతుంది?

ఛార్జి చూడడానికి అందరికీ తెలిసిన సాధనం వోల్టు మీటరు. మంచిదే, కానీ వేళ చూసి అడగాలి. కరెంటు ఉండి ఛార్జి ఎక్కుతున్నప్పుడు మీటరు చూపేది ఛార్జరు వోల్టేజిని, బ్యాటరీ సొంత బలాన్ని కాదు. పన్నెండు వోల్టుల బ్యాటరీ అప్పుడు 13.5 నుంచి 14.4 దాకా కూడా చూపిస్తుంది. ఫ్యాన్లు తిరుగుతున్నప్పుడు చూస్తే ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. పరుగెత్తి వచ్చినవాడి నాడి పట్టుకున్నట్టు ఉంటుంది ఆ లెక్క. ఛార్జరూ, బరువూ రెండూ తీసేసి, నాలుగైదు గంటలు ఊరకే వదిలి అప్పుడు చూడాలి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అయితే సుమారు ముప్పావు, 12.2 అయితే సగం, 12 అయితే పావు. ఆమ్లం గాఢతను బట్టి కంపెనీకీ కంపెనీకీ కొద్దిగా తేడా ఉంటుంది. పూర్తి నుంచి సగానికి మధ్య తేడా అర వోల్టు కూడా లేదని గమనించండి. అందుకే ఒక చుక్క తర్వాత రెండంకెలు చూపే మంచి మీటరు కావాలి.

పగటిపూట అత్తకు యంత్రం అవసరం లేదు కాబట్టి, ఎందుకైనా మంచిదని సిలిండరు మంచం పక్కనే పెట్టి, మేం బ్యాటరీలను పొద్దున విప్పి సాయంత్రం చూశాం. ఒకటి 12.5, రెండోది 12.3. కలిపి 24.8. ఇన్వర్టరు తెర మీద ఈ కలిపిన అంకెను చూసినవాడెవడైనా "బాగానే ఉంది" అంటాడు. ఇక్కడే మనం మోసపోతాం.

పన్నెండు వోల్టుల బ్యాటరీ అంటే ఒక్క బ్యాటరీ కాదు. సుమారు రెండేసి వోల్టుల గదులు ఆరు వరసగా కట్టినది. మామ ఇంట్లో రెండు బ్యాటరీలు వరసగా కలిపారు కనుక మొత్తం పన్నెండు గదులు. అందులో ఒకటి చెడిపోతే మొత్తంలో తేడా ఒకటీ రెండు పదోవంతుల వోల్టే. ఆ తేడా పన్నెండింటి లెక్కలో కలిసిపోతుంది.

గదిగదికీ నాడి

గదిగదికీ విడిగా చూడడానికి ఉన్న చవకైన సాధనం హైడ్రోమీటరు. రబ్బరు తిత్తి, గాజు గొట్టం, లోపల తేలే పుల్ల. మూత తీసి ఆమ్లాన్ని కొంచెం పైకి లాగితే పుల్ల తేలిన ఎత్తును బట్టి ఆమ్లం ఎంత చిక్కగా ఉందో తెలుస్తుంది. పాలలో నీళ్లు కలిపారేమోనని లాక్టోమీటరు పెట్టి చూస్తారే, అచ్చంగా అదే పద్ధతి. మన దేశంలో ఇన్వర్టర్లకు వాడే ట్యూబ్యులర్ బ్యాటరీల్లో పూర్తి ఛార్జి మీద సుమారు 1.240 చూపాలి. కారు బ్యాటరీల్లో 1.265 నుంచి 1.280 దాకా ఉంటుంది. మీ బ్యాటరీకి ఎంతో కంపెనీవాళ్లిచ్చిన కాగితంలో చూసుకోండి. ఈ అంకె 27 డిగ్రీల వేడి దగ్గర లెక్క. ఆమ్లం అంతకు పది డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే చూపిన అంకెకు 0.007 కలుపుకోవాలి. నీళ్లు పోసిన వెంటనే చూడకూడదు. ఛార్జి ఎక్కి నీళ్లు బాగా కలిసిన తర్వాతే చూడాలి.

అంకె కన్నా ముఖ్యం గదుల మధ్య తేడా. అన్నీ 1.220 చూపితే ఛార్జి చాల్లేదన్నమాట, భయం లేదు. ఐదు 1.240 చూపి ఒకటి 1.200 చూపితే ఆ గదికి జబ్బు మొదలైనట్టు. తేడా 0.030 దాటితే మెకానిక్‌ను పిలిచి సమపరిచే ఛార్జి పెట్టించాలి. అంటే మామూలు కన్నా కొంచెం ఎక్కువ వోల్టేజితో కొన్ని గంటలు ఛార్జి చేసి వెనకబడిన గదిని మిగతావాటితో కలపడం. మూత తీయగల బ్యాటరీలకే ఇది, సీలు వేసినవాటికి పనికిరాదు. అప్పటికీ తేడా 0.050 దాటి ఉంటే ఆ గది మీద ఆశ వదులుకోవచ్చు.

మామ బ్యాటరీల్లో మొదటిదాని గదులు ఆరూ 1.240కి అటూ ఇటూ ఉన్నాయి. రెండోదానిలో ఐదు 1.220. చివరి గది మాత్రం 1.120. ఆ గదిలో పలకల పైఅంచులు ఆరిపోయి తెల్లగా కనిపిస్తున్నాయి.

"నీళ్లు పొయ్యలేదా మామా?"

"పోసినాను గదప్పా. నెలనెలా పోస్తాను. ఈ మూత ఒకటి బిగుసుకుపోయి, కొన్నాళ్లు తియ్యలేదు."

"ఏం నీళ్లు పోశావు?"

"క్యాను నీళ్లు. ఫిల్టరువి. మేం తాగేటివే."

పావగడ ప్రాంతంలో బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. అందుకే శుద్ధి చేసిన క్యాను నీళ్లు అక్కడ అందరికీ అలవాటు. అవి మనిషికి మంచివే. కానీ వాటిలోనూ ఎంతో కొంత ఉప్పు, ఖనిజాలు మిగిలి ఉంటాయి. బ్యాటరీలో నీరు మాత్రమే ఆవిరవుతుంది, ఆ ఉప్పులు అక్కడే ఉండిపోతాయి. నెలనెలా పోస్తే నెలనెలా పేరుకుంటాయి. "మనిషి తాగే నీళ్లు దానికి పనికి రావా! మనకన్నా నాజూకు అన్నమాట" అని మామ ముక్కున వేలేసుకున్నాడు. బ్యాటరీకి డిస్టిల్డ్ వాటరు తప్ప ఇంకేదీ పొయ్యకూడదు. ఆమ్లం అసలే పొయ్యకూడదు. తగ్గేది నీరే గానీ ఆమ్లం కాదు.

హారను పరీక్ష

అప్పుడు మామతో, "నువ్వు ట్రాక్టరుకు చేసేవాడివే, అది దీనికెందుకు చెయ్యలేదు?" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. "హారను నొక్కి వినేవాడివి కదా" అన్నాను. నవ్వాడు. "అవునప్పా. దీనికి హారను లేకపోయె. దీపం పెట్టిండారు, దీపం సూస్తా కూర్చుంటిని."

హారను నొక్కడమంటే బ్యాటరీ మీద బరువు పెట్టి చూడడం. విశ్రాంతిలో అందరూ ఆరోగ్యవంతులే. మెట్లెక్కించి చూస్తేనే ఆయాసం బయటపడుతుంది. బ్యాటరీలను మళ్లీ తగిలించి నిండా ఛార్జి ఎక్కించాం. మర్నాడు మెయిన్ ఆపి, రెండు 200 వాట్ల పాత బల్బులు ఇన్వర్టరు మీద వెలిగించి, ఒక్కో బ్యాటరీ దగ్గర విడివిడిగా మీటరు పెట్టాను. ఐదు నిమిషాలకు మొదటిది 12.1 దగ్గర నిలబడింది. రెండోది 10.9కి జారిపోయింది. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి కుంటిదైతే రెండోది ఎంత బలమైనా బండి కుంటిదాని నడకే నడుస్తుంది. వరసగా కట్టిన బ్యాటరీల సంగతీ అంతే. ఒక్క గది ముందుగా ఖాళీ అయితే మొత్తం వోల్టేజి పడిపోతుంది, ఇన్వర్టరు ఆగిపోతుంది. ఆ రాత్రి జరిగింది ఇదే. నిజానికి పన్నెండు గదుల్లో పదకొండు ఇంకా పనికొచ్చేవే.

బామ్మర్దికి ఫోను చేసి, "నిన్నెవరూ మోసం చెయ్యలేదు. నాలుగేళ్లలో ఒక్కసారైనా దాని మంచిచెడ్డలు ఎవరూ అడగలేదు, అంతే" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వారం వారం ఫోను చేసి కరెంటు ఉందా అని అడుగుతూనే ఉన్నాను బావా" అన్నాడు. నిజమే. మనందరం అడిగేది అదే.

అసలు ఎన్ని గంటలు రావాలి?

ఇది అందరూ ఒకసారి కాగితం మీద వేసుకోవలసిన లెక్క. రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు, 150 ఆంపియర్-అవర్లు. హెచ్చిస్తే 3,600 వాట్-అవర్లు. సీసపు బ్యాటరీని మాటిమాటికీ సగం కన్నా కిందికి దించితే ఆయుష్షు తగ్గుతుంది కనుక వాడుకోదగ్గది 1,800. ఇన్వర్టరు తన కూలి కింద పదిహేను శాతం తీసుకుంటుంది. మిగిలింది సుమారు 1,530. అత్త యంత్రానికి 350 వాట్లు, ఫ్యానుకు 70, బల్బుకు 10, మొత్తం 430. భాగిస్తే మూడున్నర గంటలు.

అదీ పూర్తిగా రాదు. బ్యాటరీ మీద రాసిన 150 అన్నది పది, ఇరవై గంటల పాటు నింపాదిగా వాడితే వచ్చే లెక్క. తొందరగా లాగితే తక్కువే వస్తుంది. ఈ సంగతిని జర్మనీ శాస్త్రవేత్త ప్యూకర్ట్ 1897లోనే సూత్రంగా రాశాడు. కాబట్టి మూడు గంటలనుకోవడం క్షేమం. కొత్త బ్యాటరీలతోనైనా తెల్లవార్లూ నడవదని మామ ఇంట్లో ఎవరికీ తెలియదు. ప్రాణానికి సంబంధించిన యంత్రం ఉన్న ఇంట్లో బ్యాటరీ ఎంత మంచిదైనా, సిలిండరు నిండుగా ఉండాలి, దాని మీట తిప్పడం ఇంట్లో ఇద్దరికైనా రావాలి. డాక్టరు చెప్పిన పద్ధతే పాటించాలి.

ఆరోగ్య పరీక్ష కూడా ఈ లెక్కతోనే. ఏడాదికి రెండుసార్లు నిండా ఛార్జి చేసి, ఎప్పుడూ అవే బల్బులు వేసి, ఒక్కో బ్యాటరీ 11.5 వోల్టులకు దిగడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. వెంటనే మళ్లీ నిండా ఛార్జి చెయ్యండి. కొత్తలో వచ్చిన కాలంలో 80 శాతానికి తగ్గితే మార్చే రోజు దగ్గరపడినట్టు. ఇంజనీర్లు పెద్ద బ్యాటరీలకు పెట్టుకున్న హద్దు కూడా అదే.

ఎండ సంగతి మర్చిపోవద్దు. బ్యాటరీ ఉన్నచోట వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క. మామ ఇంట్లో బ్యాటరీలు పడమటి గోడ పక్కన రేకుల కింద ఉన్నాయి. వాటిని గాలి ఆడే నడవలోకి మార్చాం.

లిథియం ఉన్నవాళ్లకు

విదేశాల్లో ఉన్న మన పాఠకులు చాలామంది ఇంటి గోడకు లిథియం బ్యాటరీ బిగించుకున్నారు. వాటికి నీళ్లు పొయ్యనక్కరలేదు. కానీ ఇళ్లలో ఎక్కువగా వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకంలో ఒక చిక్కుంది. దాదాపు నిండుగా ఉన్నా, పావు వంతే ఉన్నా గది వోల్టేజి 3.2, 3.3 మధ్యనే ఉంటుంది. వోల్టు మీటరుతో లాభం లేదు. అందుకని లోపలి నియంత్రణ పరికరం వచ్చిన కరెంటు, పోయిన కరెంటు జమాఖర్చు రాసుకుంటూ శాతం చెబుతుంది. ఏ జమాఖర్చులోనైనా చిల్లర తేడాలు పేరుకుంటాయి. నెలకోసారి నూరు శాతం నిండనిస్తే ఆ లెక్క తిరిగి సరిపడుతుంది. చలి దేశాల్లో ఇంకో జాగ్రత్త. సున్నా డిగ్రీల కింద ఈ బ్యాటరీలకు ఛార్జి ఎక్కించకూడదు. మంచి వాటిలో పరికరమే ఆపేస్తుంది. దానిని తప్పించి బలవంతం చెయ్యకండి.

పగటి వెలుగు, రాత్రి చీకటి

మా పావగడ తాలూకాకు ఇప్పుడు లోకంలో పేరుంది. తిరుమణి, బళసముద్ర, క్యాతగానచెర్లు, వళ్లూరు, రాయచెర్లు ఊళ్ల పరిధిలో 13,000 ఎకరాల్లో, రైతుల నుంచి భూమి కొనకుండా కౌలుకు తీసుకుని కట్టిన సౌర విద్యుత్ క్షేత్రం ఉంది. 2018 మార్చిలో ప్రారంభమైంది, 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరింది. మామ దాన్ని చూసి వచ్చి, "పగలంతా ఇంత కరెంటు పుట్టించే సీమలో, నా పెండ్లానికి రాత్రి రెండింటికి ఊపిరాడదు" అన్నాడు. ఆ మాటలో కోపం ఉంది, నిజమూ ఉంది. ఎండ కరెంటును రాత్రికి దాచుకోవడమే ఈ కాలపు పెద్ద సమస్య. 2017లో ఆస్ట్రేలియాలోని హార్న్స్‌డేల్‌లో 100 మెగావాట్ల బ్యాటరీ కట్టారు. మన దేశంలో 2024లో ఛత్తీస్‌గఢ్‌లోని రాజ్‌నంద్‌గావ్‌లో సౌర క్షేత్రానికి 120 మెగావాట్-అవర్లు దాచే బ్యాటరీ తోడైంది. అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి తిరిగి వచ్చిన గల్లా రామచంద్ర నాయుడు గారు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ తిరుపతి దగ్గరి కరకంబాడి నుంచి ఎదిగి, ఇప్పుడు తెలంగాణలోని మహబూబ్‌నగర్ జిల్లాలో లిథియం బ్యాటరీల వైపు నడుస్తోంది. ఇవన్నీ ఎంత పెద్దవైనా చూసుకునే సూత్రం మామ ఇంటి నడవలోదే. మొత్తం చూసి తృప్తి పడకూడదు, ప్రతి గదినీ విడిగా అడగాలి.

కత్తిరించి బ్యాటరీ పక్కన గోడకు అంటించుకోండి

నెలకోసారి: మూతలు తీసి నీటి మట్టం చూడాలి. డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి. గదిగదికీ హైడ్రోమీటరు అంకె రాసుకోవాలి. తీగలు బిగించిన చోట తెల్లని బూజు ఉంటే కరెంటు కట్టేసి, వంటసోడా నీళ్లతో తుడిచి, ఆరాక వాజిలిన్ పూయాలి. సోడా నీళ్లు లోపల పడకూడదు.

మూడు నెలలకోసారి: బరువు పెట్టి ఐదు నిమిషాల పరీక్ష, ఒక్కో బ్యాటరీ విడిగా.

ఆర్నెల్లకోసారి: పూర్తి పరీక్ష. ఎన్ని నిమిషాలు వచ్చిందో రాసుకోవాలి.

ఎప్పుడూ: ఛార్జి అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. దగ్గర బీడీ, అగరువత్తి, దీపం వద్దు. గాలి ఆడాలి. కంటికి అద్దాలు, చేతికి తొడుగులు ఉండాలి. గాజులు, ఉంగరాలు తీసేయాలి. ఆమ్లం మీద పడితే వెంటనే ధారాళంగా నీళ్లతో కడగాలి. చేతకాకపోతే మెకానిక్‌ను పిలవండి, మీరు పక్కనుండి అంకెలు రాసుకోండి.

మార్చేటప్పుడు: వరసలో ఒక్కటే కొత్తది వెయ్యకండి. పాతది కొత్తదాన్ని కిందికి లాగుతుంది. పాతవాటిని అమ్మినవాళ్లకే తిరిగి ఇవ్వండి. సీసం విషం, చెత్తలో పారెయ్యకూడదు.

మామ రెండూ మార్చాడు. వేరుశనక్కాయ లెక్కలు రాసుకునే పాత ఖాతా పుస్తకంలో వెనక పేజీల నుంచి పన్నెండు నిలువు గీతలు గీసి, ఒక్కో గదికి ఒక్కో వరుస పెట్టాడు. మొదటి ఆదివారం పొద్దున అంకెలు రాస్తాడు. రాసిన పేజీని పక్కింటి కుర్రాడు ఫొటో తీసి అమెరికాకు, నాకు పంపుతాడు. మొన్న పంపిన పేజీలో పన్నెండు అంకెల కింద మామ ఇంకో వరుస చేర్చాడు. "సిలిండరు నిండుగా ఉండాది. మీట మీ అత్త కూడా నేర్చినాది."

పోయిన నెలలో ఒక రాత్రి రెండు గంటల పాటు కరెంటు లేదట. అత్తకు ఆ సంగతి తెల్లారాక పక్కింటివాళ్లు చెబితే తెలిసింది.

ఈ ఆదివారం మీరూ ఊరికి ఫోను చేసినప్పుడు, కరెంటు ఉందా అని అడిగాక ఇంకొక్క ప్రశ్న అడగండి. "బ్యాటరీకి నీళ్లు ఏవి పోస్తున్నారు?" జవాబేమి వచ్చిందో పత్రికకు ఉత్తరం రాయండి. మైక్రోవేవ్ సంగతి వచ్చే సంచికలో తప్పకుండా.